తువాలు కింద ధర

ఆదిశేషయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. లేచి నెట్ సెంటరు గుమ్మం దాకా వెళతాడు, తిరువూరు బస్టాండు వైపు ఊరికే చూస్తాడు, మళ్లీ వచ్చి కంప్యూటరు ముందు కూలబడతాడు.

మామిడికాయల కమిషను కొట్టు నడిపే ఈ నలభై ఎనిమిదేళ్ల మనిషికి 2006 వేసవిలో కంప్యూటరులో ఓ దేశం దొరికింది. నానా దేశాల వాళ్లూ చేరి ఆడే ఆట. అందులో శాసనసభ, బిల్లులు, ఓట్లు అన్నీ ఉన్నాయి. ఏడో తరగతితో బడి మానేసిన ఆదిశేషయ్య ఆ సభలో సభ్యుడు. అతను చెబుతుంటే సెంటరు యజమాని శ్రీనాథ్ ఇంగ్లీషులో టైపు కొట్టిపెడతాడు. సర్కారు చెయ్యి తీసేస్తే సరుకు తన ధర తానే వెతుక్కుంటుందన్నది అతని వాదన. ధాన్యానికి మద్దతు ధర ఎత్తేయాలని అతను పెట్టిన బిల్లు ఓడిపోయింది. బస్సులన్నీ ప్రైవేటుకిచ్చేయాలన్నదీ ఓడిపోయింది. మూడోదీ ఓడిపోతే సభ్యత్వం పోతుంది. వార్డు మెంబరుగా కూడా గెలిపించని ఈ ఊళ్లో, తనను గౌరవ సభ్యుడని పిలిచే చోటు అదొక్కటే.

మూడో బిల్లు, పంట కొనేవాళ్లకు లైసెన్సులు వద్దని. ఓట్లు చెరి సగం పడ్డాయి. కెనడా నుంచి ఆడే ఒకావిడ ఓటొక్కటే మిగిలింది.

"మీ ఊళ్లో ధర ఎలా తేలుతుందని అడుగుతోంది అన్నయ్యా," అన్నాడు శ్రీనాథ్ తెర చదివి.

"రాయి. నేనూ కొనేవాడూ తువాలు కింద చేతులు కలుపుతాం. వేళ్లు నొక్కితే ధర. సర్కారు ఊసే లేదు. ఇంతకంటే స్వేచ్ఛ ఏముంటుంది?"

శ్రీనాథ్ చేతులు ఆగాయి. "ఇది రాయమంటావా?"

"రాయవయ్యా. మా తాత నాటి పద్ధతి."

జవాబు వెంటనే వచ్చింది. "పక్కనున్న రైతుకి ఆ ధర తెలుస్తుందా అంటోంది."

"తర్వాత ధర రాసి చీటీ ఇస్తాంగా."

శ్రీనాథ్ అదే కొట్టాడు. నిమిషంలో ఓటు పడింది, బిల్లు వద్దని. సభ్యుల పట్టీలోంచి ఆదిశేషయ్య పేరు ఎగిరిపోయింది.

"కాస్త దాచాల్సింది అన్నయ్యా."

"దాచడానికి నేనేమన్నా దొంగతనం చేశానా?"

విసవిసా కొట్టుకు నడిచాడు. వినగడప నుంచి ట్రాక్టరు మీద కాయలు తెచ్చిన సుబ్బాయమ్మ ఎండలో నిలబడి ఉంది. వ్యాపారి అంతోనయ్య తువాలు కప్పి చెయ్యి చాచాడు. ఆదిశేషయ్య చెయ్యి దూర్చాడు, బయటికి తీసి పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ దూర్చాడు.

"ఏంటయ్యా, వేళ్ల లెక్క మర్చిపోయావా?" అంతోనయ్య నవ్వాడు.

సుబ్బాయమ్మ తువాలు వైపే చూస్తోంది. "ఎంత తేలింది బాబూ?"

ఆవిడ ఏటా అడిగేదే.

ఆదిశేషయ్య వేలు నొక్కాడు. "చీటీలో ఉంటుందమ్మా" అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా.