డాక్టరు గారి అక్క

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇక మీ ఇష్టమమ్మా, తుపాకి పట్టుకోవచ్చు" అన్న రోజున అక్క మొదట ఫోన్ చేసింది భర్తకి కాదు, చెల్లెలికి.

"చిన్నీ, నా తుపాకి నాకిచ్చెయ్యవే" అంది.

అవతల ఏదో కుక్క మొరుగుతోంది. చిన్ని పశువుల డాక్టరు. ఆమెకి ఎప్పుడు ఫోన్ చేసినా వెనక ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది.

"ఇస్తానక్కా, నీ వస్తువే కదా. కాకపోతే భుజానికి ఆనించే దాని చెక్క కోయించాను. నా చెయ్యి పొట్టి కదా, అందలేదు. ఇప్పుడది నీకు సరిపోదు."

"కోయించావా?"

"కొంచెమే. రెండు వేళ్ళంత."

అక్క ఫోన్ పెట్టేసి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయింది. భుజం విరిగినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదామెకి.

అక్క డ్రైవింగు స్కూలు నడుపుతుంది. తొమ్మిదేళ్ళ క్రితం ఒక శిష్యుడు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కి కారుని గోడకి కొట్టాడు. వాడి ఒంటి మీద గీత పడలేదు. అక్కకి మాత్రం కుడి భుజం దగ్గర ఎముక విరిగింది, అతుక్కుంది, మళ్ళీ విరిగింది. అంతకుముందు ఊరి బయట షూటింగ్ క్లబ్బులో ఆమెని మించినవాళ్ళు లేరు. మెషిను గాల్లోకి విసిరే అరచేతంత మట్టి బిళ్ళని, నేలమీద పడేలోగా షాట్‌గన్‌తో పేల్చి పిండి చెయ్యాలి, అదీ ఆట. తనకి తోడుగా ఉంటుందని చెల్లెల్ని కూడా అక్కే లాక్కెళ్ళింది. నిలబడటం నేర్పింది, బుగ్గ చెక్కకి ఆనించడం నేర్పింది. ఆ రోజుల్లో చిన్నిని అందరూ టీచరు గారి చెల్లెలనేవాళ్ళు. భుజం పోయాక అక్క తన తుపాకిని చెల్లెలి చేతిలో పెట్టి, "నాకెందుకిక, నువ్వే ఆడుకో" అని క్లబ్బు వైపు తొంగి చూడటం మానేసింది. చిన్ని ఆడింది. బాగా ఆడింది. ఇప్పుడు వాళ్ళింట్లో టీవీ కనపడకుండా కప్పులే.

ఏ పండక్కో పబ్బానికో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు అక్క ఆ కప్పులకి వీపు పెట్టి కూర్చునేది. ఈ సంగతి ఎవరూ గమనించలేదని ఆమె నమ్మకం.

ఆ శనివారం ఇద్దరూ తుపాకుల దుకాణానికి వెళ్ళారు. టైర్ల గోడౌను పక్కన ఇరుకైన షాపు, లోపల నూనె వాసన, గోడ పొడుగునా గొలుసు దూర్చి నిలబెట్టిన షాట్‌గన్లు. షాపాయన చిన్నిని చూడగానే కుర్చీ లోంచి లేచాడు.

"రండి డాక్టరు గారూ! మొన్న ఫైనల్లో ఏం కాల్చారండీ, చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

"ఇవాళ నాకు కాదండీ, మా అక్కకి."

"ఓహో, డాక్టరు గారి అక్కా!" అని ఆయన అక్క వైపు తిరిగాడు. "మీరింతకు ముందెప్పుడైనా పట్టుకున్నారామ్మా? భయమేం లేదు, మెల్లిగా అలవాటవుతుంది."

అక్క మొహం మాడిపోయింది. చిన్ని నవ్వాపుకుని, "బాగుందండీ, నాకు నేర్పిందే మా అక్క" అంది. ఆయన నాలుక కరుచుకున్నాడు గానీ, అరలోంచి ఒక్కో తుపాకీ తీసి మాత్రం చిన్ని చేతికే ఇవ్వడం మొదలుపెట్టాడు. చిన్ని బరువు చూసి, మడిచి, మూసి, "ఊఁ" అని అక్కకి అందించేది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు చూశాక పిల్లకి చూపించినట్టుగా ఉంది వ్యవహారం.

"అక్కా, ఇది చూడు" అని చిన్ని ఒంటి గొట్టం ఆటోమేటిక్ ఒకటి తెచ్చింది. నల్లగా, మామూలుగా ఉంది. "తేలిక. వెనక్కి తన్నదు కూడా. నీ భుజానికి పనికొస్తుంది."

"చూడ్డానికి గొడుగులా ఉంది."

"గొడుగైతే ఏం, తగిలితే చాలు కదా."

అక్క అప్పటికే పై అర వైపు చూస్తోంది. అక్కడ ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాల తుపాకి ఉంది, పక్కన వెండి రంగు రేకు మీద తీగలూ పక్షులూ చెక్కి. గొట్టాలు పొడుగు. చిన్ని దగ్గరున్నదానికంటే పొడుగు. అక్క దాన్ని దింపించి భుజానికెత్తుకుంది. చెయ్యి లాగింది. లాగలేదన్నట్టు నిలబడింది.

"కళ్ళు మూసుకుని ఎత్తుకుని, అప్పుడు తెరిచి చూడండమ్మా. చూపు గొట్టం మీదుగా తిన్నగా వెళ్ళాలి" అన్నాడు షాపాయన.

"ఆ మాత్రం నాకు తెలుసు" అని, కళ్ళు మూసుకోకుండానే, "ఇదే ఇవ్వండి" అంది.

"అక్కా, అది బరువు. నీ భుజం..."

"నా భుజం సంగతి నాకు తెలీదా? అన్నీ నువ్వే చెబుతావా?"

షాపాయన బిల్లు పుస్తకం తీశాడు. అక్క తుపాకి పెట్టె మోసుకుంటూ కారు దాకా వెళ్ళేసరికి మోచెయ్యి వణకడం మొదలైంది.

తరవాతి వారం క్లబ్బులో అక్క తన పాత చోట నిలబడి, బిళ్ళ వదలమని "పుల్!" అని అరిచింది. ఎడమ నుంచి నారింజ రంగు బిళ్ళ ఎగిరింది. ఆ బరువైన గొట్టం కదలడానికి బద్ధకించి, కదిలాక ఆగనని మొరాయించింది. బిళ్ళ తాపీగా వెళ్ళి గడ్డిలో కూర్చుంది. ఇంకోటి. అదీ అంతే. పది బిళ్ళల్లో రెండు పగిలాయి, వాటిలో ఒకటి తన గురి కాదని ఆమెకే తెలుసు. చెంప కమిలింది.

"చెంప మీద అదేమిటది?" అన్నాడు భర్త రాత్రి అన్నం దగ్గర. "రివర్సు గేరు రాలేదని తిడితే ఎవరైనా తిరగబడ్డారా?"

పక్క వరసలో చిన్ని నిలబడి, తను కోయించిన తుపాకితో, ఆ మధ్యాహ్నం బిళ్ళ తరవాత బిళ్ళ పొడి చేసిన దృశ్యమే అక్క కళ్ళ ముందు ఉంది. ఆ తుపాకి తనది. ఆ నిలబడే తీరు తనది. ఆ చప్పట్లు కూడా ఒకప్పుడు తనవే. అన్నం సయించలేదు.

నెల తిరిగింది. క్లబ్బు జట్టుకి సెలక్షను దగ్గర పడుతోంది. క్లబ్బులో ఒకరోజు చిన్ని వరసగా నాలుగు తప్పింది. అందరూ గాలి అన్నారు. ఆ మర్నాడూ తప్పింది. అప్పుడు అక్క చూసింది.

కారు నేర్పేటప్పుడు ఆమె రోడ్డు చూడదు, నేర్చుకునేవాళ్ళ మోకాలు చూస్తుంది. ఏ కాలు ఏ తప్పు చెయ్యబోతుందో ముందే తెలిసిపోతుంది. అలాగే చెల్లెలి మెడ చూసింది. ట్రిగ్గరు నొక్కే ముందు చిన్ని బుగ్గ చెక్క మీద నుంచి వెంట్రుక వాసి లేస్తోంది. బిళ్ళ పగలడం చూద్దామన్న ఆత్రం. తల లేస్తే గుండ్లు బిళ్ళ పైనుంచి పోతాయి. కొత్తలో చిన్నికి ఈ జబ్బే ఉండేది. వెనక నిలబడి నెత్తి మీద మొట్టి మరీ మాన్పించింది అక్క. ఇన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది.

అక్కకి ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. ఆ రోజు ఇంటికెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

చిన్ని వచ్చి అడిగింది కూడా. క్యాంటీనులో ఎదురుగా కూర్చుని, టీ చల్లారబెట్టుకుంటూ, "అక్కా, ఎందుకు తగలట్లేదే? నువ్వు చూస్తే తెలుస్తుంది కదా" అంది.

అక్క ఒక్క క్షణం గ్లాసులోకి చూసింది. "కళ్ళలో ఎండ కొడుతోందేమో. కళ్ళజోడు మార్చి చూడు."

చిన్ని ఆ సాయంత్రమే వెళ్ళి పసుపు రంగు అద్దాలు కొనుక్కుంది. అవి పెట్టుకుని ఇంకా ఎక్కువ తప్పింది. ఎవరైనా అడిగితే, "మా అక్క చెప్పింది. అలవాటయ్యేదాకా ఇంతేలే" అనేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అక్క పక్కకి వెళ్ళిపోయేది. అయినా చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకునేది. రేపు మళ్ళీ చిన్ని తప్పేది, మళ్ళీ ఆ హాయి వచ్చేది.

సెలక్షనుకి వారం ఉందనగా చిన్ని తన పశువుల ఆసుపత్రికి రమ్మని కబురుపెట్టింది. అక్క వెళ్ళేసరికి బల్ల మీద ఒక గోధుమ రంగు కుక్క పడుకుని ఉంది, కాలు చీరుకుపోయి. కాంపౌండరు సెలవు.

"వచ్చావా, దీని మెడ పట్టుకో. కరవదు, మూతి కట్టాను" అంది చిన్ని, సూది అందుకుంటూ.

అక్క చేతి సంచీ కింద పెట్టి రెండు చేతులా కుక్కని పట్టుకుంది.

"విషయమేంటంటే," చిన్ని తల ఎత్తకుండా కుడుతూ అంది, "సెలక్షను నుంచి పేరు తీసేస్తున్నాను. అసలు కాల్చడమే మానేద్దామనుకుంటున్నా. తుపాకి నీకిచ్చేస్తాను. చెక్కకి ముక్క అతికిస్తారట, నీ కొలతకి వస్తుంది. నీ చేతిలో ఉంటేనే దానికి మర్యాద."

ఇన్నేళ్ళుగా అక్క కోరుకున్నది ఇదే. తుపాకి తిరిగొస్తుంది, చెల్లెలు పక్కకి తప్పుకుంటుంది. సంతోషం కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు. రేపటి నుంచి పక్క వరసలో చిన్ని ఉండదు. ఎవరిని చూసి కుళ్ళుకోవాలి, ఎవరిని ఓడించాలి? తీరా చూస్తే ఆ మైదానంలో తనకింకెవరితోనూ పని లేదు.

"తల ఎత్తుతున్నావే, మొద్దూ!" అని అరిచింది.

కుక్క ఉలిక్కిపడింది. చిన్ని చెయ్యి ఆగింది.

"ఏంటీ?"

"కాల్చే ముందు బుగ్గ లేపుతున్నావు. అంతే నీ రోగం. నీకు కొత్తలో మొట్టింది గుర్తులేదా?"

"ఎప్పట్నుంచి?"

"నెల అయింది."

"నీకు నెల నుంచీ తెలుసా?" చిన్ని మెల్లగా అడిగింది. "మరి కళ్ళజోడు?"

అక్క కుక్క మెడ మీద వెంట్రుకలు చూస్తూ, "ఊరికే చెప్పాను" అంది.

చిన్ని మొహం ఎర్రబడింది. బల్ల వదిలి వెళ్ళడానికి లేదు, అక్కకి చేతులు వదలడానికి లేదు. చివరి కుట్టు వేసి, దారం తెంపి, అప్పుడు అంది చిన్ని.

"సరే, నేనూ ఒకటి చెబుతా విను. నీ భుజం విరిగిందని ఫోన్ వచ్చినప్పుడు ఏడ్చాను, నిజమే. తుపాకి నా చేతిలో పెట్టావే, ఆ రోజు మాత్రం ఇంటికెళ్ళి తలుపేసుకుని గంతులేశాను. చెక్క చివరున్న రబ్బరు తీసి పల్చటిది వేస్తే నాకు సరిపోతుందన్నాడు షాపాయన. చెక్క కోసెయ్యండని నేనే చెప్పాను."

"ఎందుకు?"

"నువ్వెప్పుడైనా తిరిగి అడిగితే నీకు పనికిరాకూడదని. లేకపోతే పని లేక కోయించానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు రాలేదు. అక్క సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది. నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. భర్త "ఏమైంది?" అంటే, "కుక్క కాలికి కుట్లు పడ్డాయి" అంది.

అయిదో రోజు చిన్నే ఫోన్ చేసింది. "షాపుకి వస్తావా? ఆ వెండి దిమ్మ మార్చుకుందువుగాని" అని, జవాబు వినకుండా పెట్టేసింది.

షాపాయన వెండి తుపాకి పెట్టె తెరిచి చూసి, "వాపసు తీసుకోనమ్మా, మార్పిడికైతే సరే" అన్నాడు. ఈసారి ఆయన తుపాకులు అక్క చేతికే ఇచ్చాడు. చిన్ని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. అక్క ఒక్కోటీ ఎత్తి, గోడ మూల మీద గురి పెట్టి, గీత గీసినట్టు పక్కకి తిప్పి చూసింది. ఒకటి ముక్కు బరువు. ఒకదాని చెక్క చెంపకి ఎత్తు. రెండు గొట్టాలదే ఇంకోటి, పొట్టిది, అన్నీ బాగున్నాయి గానీ నాలుగోసారి ఎత్తేసరికి పాత ఎముక సలిపింది. చివరికి నల్ల ఆటోమేటిక్‌ని తీసుకుని కళ్ళు మూసుకుంది. ఎత్తింది. తెరిచింది. గొట్టం చివర గురి చూసే తెల్లపూస సరిగ్గా చూపు ముందు ఉంది. ఇంకోసారి చేసింది. మళ్ళీ అక్కడే ఉంది.

అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే అది చిన్ని మొదటి రోజున చూపించినదే.

"ఇది" అంది.

చిన్ని "నేను చెప్పలేదా" అనలేదు. ఫోనులోంచి తల ఎత్తకుండా ఏదో పాట కూనిరాగం తీసింది. అది అంతకంటే ఘోరం.

ఆదివారం సెలక్షను. చిన్ని బుగ్గ చెక్కకి అంటించి పెట్టినట్టే ఉంది. రెండుసార్లు మాత్రం లేవబోయింది. వెనక నుంచి అక్క గట్టిగా దగ్గింది, బుగ్గ ఆగింది. చిన్నికి జట్టులో చోటు దొరికింది. అక్క కూడా కాల్చింది. భుజం పట్టలేదు, చెంప కమల్లేదు, సగానికి పైగా పగిలాయి. జట్టుకి ఆ లెక్క చాలలేదు. దిగి వస్తుంటే ఎవరో పక్కవాళ్ళతో అన్నారు: "డాక్టరు గారి అక్క కూడా ఫర్వాలేదే!"

అక్క నవ్వు మొహం పెట్టుకుంది. లోపల ఎప్పటిలాగే మండింది. ఆ మంట చల్లారుతుందన్న ఆశ ఆమెకిప్పుడు లేదు. చిన్నికీ ఆ మంట ఉండి ఉంటుందిలే అనుకుంటే మాత్రం కొంచెం తేలికైంది.

జట్టు వరసగా నిలబడితే ఫోటో తియ్యమని అందరూ ఆమెకే ఫోను ఇచ్చారు. ఆరేడు తీసింది. ఒకదాంట్లో అందరూ చక్కగా ఉన్నారు, చిన్ని ఒక్కతే కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. అక్క ఏరి ఏరి దాన్నే బంధువులందరి గ్రూపులో పెట్టింది.

కారు దగ్గరికి చేరకముందే ఫోన్ మోగింది.

"అక్కా, నీకు బుద్ధుందా?"

"ఏం, బాగానే వచ్చావుగా."

"తీసెయ్, ముందు దాన్ని తీసెయ్!"

"తీసేస్తాలే" అని, అక్క తుపాకి వెనక సీట్లో పెట్టి, బెల్టు కట్టుకుని, కారు స్టార్టు చేసింది. ఇంటికెళ్ళేదాకా తియ్యలేదు.