వెనక వరస పాట

బట్టలు పిండుతుండగా ఫోను మోగింది. ఆమె చేతులు తుడుచుకునేలోపే అత్తగారు ఎత్తి, "బడి నుంచట, నీకే" అంటూ తెచ్చి చెవి దగ్గర పెట్టింది.

"ఇవాళ రాగలరా?" అంది అవతల హెడ్మిస్ట్రెస్.

రాగలరా అంటే! టీచరు శిక్షణ ఎప్పుడో పూర్తి చేసింది. తర్వాత పెళ్ళి, పిల్లాడు, భర్త నడిపే మందుల షాపులో చేతిసాయం. ఇన్నేళ్ళకి ధైర్యం చేసి, సెలవు పెట్టిన టీచర్ల బదులు వస్తానని అర్జీ పెట్టుకుంది. ఇప్పుడు ఎవరి బదులో కూడా అడగలేదు. తడిబట్టలు అత్తగారికి అప్పగించి, ఇస్త్రీ చీర చుట్టుకుని పరుగెత్తింది.

స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నది సంగీతం టీచరని బడికి వెళ్ళాకే తెలిసింది.

"నేను సైన్సండీ," అంది కంగారుగా. "మా ఇంట్లో నేను కూనిరాగం తీస్తే మా అత్తగారు పాలు విరిగిపోతాయని గిన్నె మీద మూత పెడుతుంది."

హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. "పిల్లలకి పాట వచ్చు. గోల చెయ్యకుండా చూసుకోండి చాలు. వచ్చే నెలే వార్షికోత్సవం."

సంగీతం గది పై అంతస్తులో ఉంది. ఒక మూల గుడ్డ కప్పిన హార్మోనియం, గోడవారగా బెంచీలు, వాటి నిండా పిల్లలు. పాడమంటే ముందు వరసల వాళ్ళు చక్కగా అందుకున్నారు. వెనక వరసల్లో పెదాలు కదులుతున్నాయి కానీ ఆమె దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గినా గాలి కూడా రావడం లేదు.

"మీరెందుకు పాడటం లేదు?"

వెనక వరస మొత్తంలోకీ పొడుగైన అమ్మాయి లేచి నిలబడింది. ఆ పిల్లని అందరూ నిచ్చెన అని పిలుస్తారు. "మేం పెదాలవాళ్ళం టీచర్. మా గొంతులు బాగుండవు. ఊరికే పెదాలు కదపమన్నారు మా సంగీతం టీచర్."

ఆ మాట రోజూ హాజరు పలికినంత మామూలుగా చెప్పింది. ఇంతలో ముందు వరసలోంచి ఒక గడుగ్గాయి, "మీరు పాడండి టీచర్!" అని కేకేశాడు. గదంతా అందుకుంది.

తప్పించుకునే దారి లేదు. ఆమె కళ్ళు మూసుకుని, దేవుడా అనుకుని, గొంతెత్తి పల్లవి పాడింది. పల్లవి మొదలైన చోటికీ ముగిసిన చోటికీ చుట్టరికమే లేదు. పిల్లలు పొట్ట చేత్తో పట్టుకుని బెంచీల మీద దొర్లారు. వాళ్ళని చూసి ఆమెకీ నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అడిగింది:

"సరే, నాకంటే బాగా పాడగలిగేవాళ్ళు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. వెనక వరసలవి కూడా. అందరికంటే ఎత్తున నిచ్చెన చెయ్యి.

"అయితే ఇంకేం? నాకు నేర్పండి. అందరూ!"

ఆ పూటే మొదలైంది. పెదాలవాళ్ళు మొదట బిడియంగా, తర్వాత బాహాటంగా గొంతు విప్పారు. రాగం సంగతి ముందు వరస చూసుకునేది. ఆమె తనకి తెలిసిందే చెప్పింది: ఊపిరి. పిల్లల్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టల మీద పాఠ్యపుస్తకాలు పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా పుస్తకం లేవాలనేది. "లెక్కల పుస్తకం బరువు టీచర్, లేవట్లేదు," అని ఒకడు మూలిగితే, "పరీక్షకి ముందు ఎలాగూ లెయ్యదు, ఇప్పుడైనా లేపు," అనేది. కొద్దిరోజుల్లోనే గది కిటికీలు అదిరిపోయే గొంతు వచ్చింది వాళ్ళకి. బడంతా ఆమెని బదులు టీచర్ అని పిలవసాగింది.

వార్షికోత్సవం దగ్గరపడ్డాక హెడ్మిస్ట్రెస్ వచ్చి విన్నది. మొహం ముడుచుకుని ఆమెని వరండాలోకి పిలిచింది.

"వెనకవాళ్ళు నోరు మూసుకుంటే మంచిది. శ్రుతి తప్పుతున్నారు. పదిమందిలో పరువు పోతుంది."

"అక్కడక్కడా తప్పుతున్నారండీ, నిజమే. రోజూ కొంచెం తగ్గుతోంది. ఇప్పుడు మళ్ళీ పెదాలు కదపమని నేను చెప్పలేను."

"మీరు బదులుకి వచ్చారు. గుర్తుందా?"

ఒక్కమాటతో ఇంటికి పొమ్మనవచ్చు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "గుర్తుందండీ. కానీ ఉన్నన్నాళ్ళూ వీళ్ళ టీచర్ని నేనే కదా. పాడితే అందరూ పాడతారు. తేడా వస్తే మాట నేను పడతాను."

హెడ్మిస్ట్రెస్ "మీ ఇష్టం," అని వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం హాలు కిక్కిరిసింది. మొదటి వరసలో సంగీతం టీచరు కూర్చుంది, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని. తెర లేచింది. బదులు టీచర్ వేదిక పక్కన నిలబడి చెయ్యెత్తింది. పిల్లలంతా ఒక్కసారి గుండెల నిండా ఊపిరి తీశారు.

పాట లేచింది. మైకు అక్కర్లేకపోయింది. మధ్యలో ఒక చోట వెనక వరస కొద్దిగా జారింది. కానీ నిచ్చెన తల ఎత్తి, స్వరాన్ని పట్టి, తన వరసనంతా మళ్ళీ పైకి లాక్కొచ్చింది. చరణం చివరికొచ్చేసరికి హాల్లో వాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. "మళ్ళీ! మళ్ళీ!" అంటూ ఒకటే కేకలు. పిల్లలు మళ్ళీ పాడారు, ఈసారి నవ్వుతూ, ఇంకా గట్టిగా.

వేదిక దిగగానే సంగీతం టీచరు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వీళ్ళలో ఇంత గొంతు ఉందని నాకు తెలియలేదమ్మా. నేను విననేలేదు." చెయ్యి వదలకుండానే, "కట్టు విప్పాక కూడా నా క్లాసుకి వస్తూండండి. ఊపిరి మీరు చూడండి, రాగం నేను చూసుకుంటాను."

"ముందు నా సంగతి తేలనివ్వండి," అంటూ మధ్యలో దూరింది హెడ్మిస్ట్రెస్. "సోమవారం నుంచి ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పడానికి మనిషి కావాలి. బదులుగా కాదు. రాగలరా?"

ఆమె తల ఊపింది, గట్టిగా, రెండు మూడుసార్లు.

గేటు దగ్గర భర్త నవ్వుతూ నిలబడ్డాడు. అత్తగారు మాత్రం అక్కడ లేదు. చూస్తే, బయటికి వెళ్ళేవాళ్ళకి అడ్డం పడి, ముక్కూ మొహం తెలియని జనాన్ని ఆపి మరీ చెబుతోంది: "ఆ వెనక వరస పాడింది చూశారూ? నేర్పింది మా కోడలే!"