ఆరేదాకా

వరద కిటికీల ఎత్తున ఎక్కిన ఏడాది జరిగిందిది. నీరు తీశాక వీధి వీధంతా ఇళ్ళు కడుక్కుంది. ఆమె ఇంటిని కడిగినవి మాత్రం ఆమె ఒక్కదాని చేతులే.

పొద్దంతా లాండ్రీలో పరాయివాళ్ళ దుప్పట్లు, పొద్దు వాలాక ఇంట్లో అంట్లు. లాండ్రీ పక్కనే గాజుల కొట్టు. ఒకనాడు దాని అద్దాల వెనక చిన్న గోళ్ళరంగు సీసా కనబడింది. తెల్లవారబోయే ఆకాశం రంగు. మూత తీసి వాసన చూసింది. పెళ్ళినాటి గోళ్ళరంగుకు ముక్కు మండి, కళ్ళు తిరిగాయి. దీనికి ఆ ఘాటే లేదు.

"నీళ్ళతో చేసిన రంగు ఇది, అమ్మా. మనకీ చెరుపు తక్కువ, మట్టికీ తక్కువ," అంది కొట్టావిడ.

కొనుక్కెళ్ళి వేసుకుంది. ఆ పూట అంట్లతోనే పొరలు పొరలుగా లేచి సింకులో పడింది.

"ముచ్చట మూడు గిన్నెలకే తీరిపోయిందే!" అని నవ్వాడు భర్త.

"తోమే చేతికి సింగారమేంటి?" అంది అత్తగారు.

మర్నాడు ఆమె కొట్టావిడను నిలదీసింది. "ఆరాకే కదా నీళ్ళు ముట్టాను?"

"పైపైన ఆరుతుంది తల్లీ. లోపల గట్టిపడాలంటే తెల్లారేదాకా నీళ్ళు తగలకూడదు."

తెల్లారేదాకా! దారి పొడుగునా ఆమె అదే తలపోసింది. తన చేతులు అంతసేపు పొడిగా ఉన్నదెప్పుడు? జ్వరంలో లేదు. పురిటిలో లేదు. వరదప్పుడు మేడ మీద ముడుచుకు కూర్చుంటే, చుట్టూ సముద్రమంత నీరు, భర్త "కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు. బిందె అతని మోకాలి పక్కనే ఉంది. తను లేచి ముంచి ఇచ్చింది. అప్పుడు వింతనిపించలేదు. ఇప్పుడనిపించింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుని మళ్ళీ రంగు వేసుకుంది. వేళ్ళు చాపి గాలికి పెట్టింది. గోడ మీద వరద గీసిన చార ఇంకా ఉంది. చూస్తూ ఉంటే నీళ్ళు మెల్లగా ఆ చారదాకా లేచినట్టుంది. గిన్నెలు, గరిటెలు, అత్తగారి మాటలు, అన్నీ తేలుతూ గుమ్మం దాటిపోతున్నాయి. ఆమె వేళ్ళు మాత్రం నీటికి పైన, పొడిగా, పిట్టల్లా వాలి ఉన్నాయి.

"అంట్లు అలాగే ఉన్నాయేమే!"

"ఆరలేదత్తయ్యా."

"ఏంటి, గిన్నెలా?"

"నా చేతులు."

"చాల్లే వేషాలు, లే," అన్నాడు భర్త.

అలవాటుకొద్దీ మోకాళ్ళు లేచాయి. వేళ్ళకేసి చూసుకుంది. మళ్ళీ కూర్చుంది.

"తెల్లారేదాకా నీళ్ళు ముట్టను," అంది. గొంతు పెంచలేదు.

అత్తగారు ఏదో గొణిగింది. అంట్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పొద్దున్నే అతను టీ పెట్టమనబోయి వంటింట్లోకి తొంగి చూశాడు. ఒక్క గ్లాసూ కడిగి లేదు.

"పీచెక్కడుంది?" అన్నాడు.

ఆమె మంచం దిగకుండానే వేలు చూపించింది. కొసన రంగు చెక్కుచెదరలేదు.

అతను చొక్కా చేతులు పైకి మడుచుకుని కుళాయి తిప్పాడు.