క్యాథరిన్ టీచర్ గోడ మీద నెమలి

క్యాథరిన్ టీచర్ మంచిర్యాలలో చిన్నపిల్లల బడి తెరుస్తోంది. ముందు గదిలో పెద్ద గోడ నిండా అడవి బొమ్మ ఉన్న వాల్‌పేపర్ అతికించాలని ఆమె ముచ్చట. ముచ్చట బాగానే ఉంది, గోడే బాగాలేదు. చెయ్యి పెడితే పనసకాయ తొక్కే నయం అనిపిస్తుంది. ఆరేళ్ల కింద పెయింటర్ రజాక్ ముచ్చటపడి తీర్చిన గరుకు డిజైను అది. అప్పట్లో అలాంటి గోడ కావాలంటే ఊళ్లో అతన్నే పిలిచేవాళ్లు. కరీంనగర్ నుంచి వచ్చిన వాల్‌పేపర్ వాళ్లు ఇద్దరు ఆ గోడను తడిమి చూశారు. "దీనిమీద కాగితం నిలవది మేడం" అనేసి, ఇచ్చిన టీ తాగి, తమ దారిన పోయారు.

"నేను నిలవెడ్త టీచర్," అంది నౌషీన్.

నౌషీన్ ఎవరో కాదు, ఆ రజాక్ కూతురే. ఫోన్‌లో వీడియోలు చూస్తూ, సొంతింటి గోడల మీద రెండేళ్లు అతికించి, పీకి, మళ్లీ అతికించి పని నేర్చుకున్న పిల్ల. బయట చేసే మొదటి పని ఇదే. ఇది గనక చెడిందా, సోమవారం నుంచి కరీంనగర్‌లో పెదనాన్న జియావుల్లా గాజుల దుకాణంలో కూర్చోవాలి. రజాక్ పెట్టిన షరతు అది. పొద్దస్తమానం గాజుల డబ్బాలు తెరిచి మూయడం తలుచుకుంటేనే నౌషీన్‌కు ఒళ్లు మండుతుంది.

కాగితం ఎంచుకునే రోజు టీచరు మెరిసే పల్చటి రకాన్ని పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. "మెరుపుది వద్దు టీచర్. లోపల ఇసుక రేణువున్నా బయటవెడ్తది," అని నౌషీన్ బతిమాలి, మెరుపు లేని మందపాటి దాన్ని ఒప్పించింది. అడవి, వాగు, వాగు ఒడ్డున ఒక నెమలి. మొత్తం ఆరు పట్టీలు, వెనకవైపు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు.

ఇక మూడు రోజులు తండ్రీ కూతుళ్లకు గోడతో కుస్తీయే. మొనలు గీకడం, గుంటలు పూడేలా లప్పం పెట్టడం, ఆరాక ఎమిరీ కాగితంతో రుద్దడం, మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు, చివరికి ప్రైమర్. తాను తీర్చిన గీతల మీద తానే లప్పం మెత్తుతుంటే రజాక్ ముఖం చిన్నబోయింది. బాధ ఉండదా మరి? ఈ మధ్య గరుకు గోడలు అడిగే నాథుడే లేడు. అయినా చేతిలో పని పడితే ఊరుకునే మనిషి కాదు. రెండో పూతకల్లా "జర ఇటు లైటు పట్టు బేటా" అంటూ కూతురి కంటే ఎక్కువ హుషారయ్యాడు.

నాలుగో రోజు కాగితం ఎక్కించాలి. మర్నాడు పొద్దున పదింటికే పాస్టరుగారి ప్రార్థన, బడి ప్రారంభం. జిగురు కలిపాక చూసుకుంటే స్పాంజి చిరిగిపోయి ఉంది. "నేను వచ్చేదాంక కాగితం ముట్టకు అబ్బా," అని తండ్రికి చెప్పి నౌషీన్ బజారుకు పరుగెత్తింది.

వింటాడా ఆయన? అరగంటకు ఆమె తిరిగొచ్చేసరికి రెండు పట్టీలు గోడెక్కి కూర్చున్నాయి.

ముందు నౌషీన్‌కు కోపం రాలేదు, సంతోషం వచ్చింది. ఒక్క ముడత లేదు, ఒక్క బుడగ లేదు. ఆ పాడు గోడ మీద కాగితం ఎంత నున్నగా పరుచుకుందో చూసి ఆమెకు గంతులెయ్యాలనిపించింది. ఆ తర్వాత నెమలిని చూసింది. తోక కుడి మూలలో ఇరుక్కుంది. మెడ రెండో పట్టీ అవతలి అంచున, బోడి గోడ పక్కన ఒంటరిగా నిలబడింది.

"కంపెనోళ్లు తప్పు అచ్చేసిన్రు బేటా," అన్నాడు రజాక్. "అంచులు కలుస్తలేవు. ఫోన్ చేసి గట్టిగ అడగాలె."

"అబ్బా, ఒకటో నంబరు ఏడ పెట్టినవ్?"

"ఏడ పెడ్తరు? మొదట్ల." కుడి మూల చూపించాడు.

ఆయన చదివింది ఉర్దూ బడిలో ఐదో తరగతి. పేపరు చదివినా, ఖురాన్ తెరిచినా, ఆయనకు మొదలు ఎప్పుడూ కుడివైపే. నౌషీన్‌కు నవ్వు ఆగలేదు. "వీళ్లకు మొదలు ఎడమదిక్కు అబ్బా," అంది. రజాక్ ఒకసారి గోడను, ఒకసారి మిగిలిన పట్టీలను చూసుకుని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎండాకాలం, జిగురు పట్టేస్తోంది. ఇప్పుడు కాగితం లాగితే దాంతోపాటు లప్పం పెచ్చులు లేస్తే? మళ్లీ లప్పం పెట్టి ఆరబెట్టడానికి రేపు పదింటి దాకా టైమెక్కడిది? నౌషీన్‌కు గాజుల డబ్బాలు కళ్ల ముందు తిరిగాయి.

"కింద అంచు పట్టు," అన్నాడు రజాక్ నిచ్చెన ఎక్కుతూ.

"లప్పం లేస్తే ఎట్ల అబ్బా?"

"లేవది. కింద నా గరుకు దాన్ని కరిసి పట్టుకున్నది. నున్నటి గోడైతే నాకు సుత భయమే. ఫికర్ చేయకు."

పైనుంచి మెల్లగా, అంగుళం అంగుళం ఒలిచాడు. నౌషీన్ కింద నుంచి అందుకుంది. కాగితం వచ్చేసింది. గోడ నుంచి గోరంత పెచ్చు కూడా లేవలేదు. "వచ్చింది అబ్బా, సాఫ్ వచ్చింది," అంటూ ఆమె చిన్నపిల్లలా తండ్రి మోకాలు తట్టింది. రెండోది కూడా అంతే.

తడి చీరను చెరో కొస పట్టుకున్నట్టు రెండు పట్టీలనూ ఎడమవైపుకు మోసుకెళ్లి, కొత్తగా జిగురు రాసి ఎక్కించారు. మెడా తోకా కలిశాయి. ఇంక ఆ ఊపు చూడాలి. పైన ఆయన, కింద ఆమె, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఇద్దరికీ అన్నం సంగతే గుర్తు రాలేదు.

సాయంత్రం క్యాథరిన్ టీచర్ వచ్చింది. గోడకు అరచెయ్యి ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. ఒక్కచోటా గరుకు తగల్లేదు.

"లోపలి రెండు గదులు సుత గిట్లనే గరుకున్నయి," అంది ఇటు తిరిగి. "ప్రార్థన అయినంక అవి సుత నువ్వే చెయ్యాలె నౌషీన్."

నౌషీన్ తండ్రి వైపు చూసింది. ఆయన లప్పం అంటిన చేతిని ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"భాయ్‌జాన్, సోమవారం నౌషీన్ వస్తలేదు. ఇంకోళ్లను చూసుకో. ఆమెకు పనివడ్డది." అవతల అన్న ఏదో అడిగాడు. రజాక్ నవ్వుతూ కూతురి వైపు తిరిగాడు. "నాకా? నాకు సుత దొరికింది. మా బిడ్డ దగ్గరనే కుదిరిన."