రెండు పచ్చ బిళ్లలు

నేను పందెం డబ్బుకు బదులు జరిపే ఒక పచ్చటి ప్లాస్టిక్ బిళ్లను. పేకాట బల్ల మీద నాకంటే చవకైనది సిగరెట్టు బూడిద ఒక్కటే. చొక్కా గుండీలు పోసే కార్ఖానాలోనే పుట్టాను. గుండీనై ఉంటే ఎవరి చొక్కానో పట్టుకుని గౌరవంగా బతికేదాన్ని. నా ఖర్మ, భీమవరం దగ్గర ఒక క్లబ్బులో పడ్డాను.

గోవా వెళ్లొచ్చినవాళ్లు ఆ క్లబ్బులో పోకర్ అనే పేకాట మొదలుపెట్టారు. అందులో రోజూ ఆడే విస్సంరాజుది ఒకటే కిటుకు. గొప్ప ముక్కలు పడ్డప్పుడు చివరి పందెంలో ఆయన బిళ్లల గుట్ట తోసేవాడు కాదు. నాలాంటివి రెండంటే రెండు జరిపేవాడు. గుట్ట తోస్తే ఎదుటివాడు ముక్కలు పారేసి లేచిపోతాడు. రెండు బిళ్లలకే లేచిపోతే పరువేం కావాలి? కూర్చుంటాడు, రోషానికి పందెం పెంచి ఉన్నది పోగొట్టుకుంటాడు. నష్టానికి వెరవని మనుషులు నగుబాటుకు ఎంత వెరుస్తారో ఆ బల్ల మీదే చూశాను.

ఒక ముసురు మధ్యాహ్నం ఆయన ఎదురుగా చెల్లెలి మొగుడు గోపాలరాజు కూర్చున్నాడు. రొయ్య పిల్లలు కొనాల్సిన డబ్బు జేబులో ఉంది. అది పోతే ఆ ఏడు చెరువులో ఉత్త నీళ్లే. చివరి ముక్క తిరగగానే గోపాలరాజు తన ముక్కలు పారేయబోయాడు. బతికిపోయాడనుకున్నాను. పాడు అలవాటు! విస్సంరాజు చెయ్యి దానంతటదే నన్నూ నా జతగాణ్నీ ముందుకు జరిపింది.

"రెండు పచ్చ బిళ్లలేనండి బావా. దీనిక్కూడా లేచిపోతారేంటండి?"

పక్కనెవరో కిసుక్కున నవ్వారు. గోపాలరాజు ముఖం కందిపోయింది. "భయపడి రెండేశారు కదండీ! ఇదిగో, కాయండి," అంటూ జేబులోదంతా బల్ల మీద పెట్టేశాడు.

విస్సంరాజు వేలు ఇంకా నా మీదే ఉంది. వద్దు బావా, తీసేసుకోండి అనే మాట గొంతుదాకా వచ్చింది. నలుగురూ చూస్తున్నారు. ఆ మాట మింగేసి పందెం కాశాడు. ఆయనకు కుదిరినవి మూడు ఆసులు, రెండు పదులు; దాదాపు ఓడని ముక్కలు.

సాయంత్రం డబ్బు తిరిగివ్వబోతే గోపాలరాజు తీసుకోలేదు. "ఆటలో పోయింది పుచ్చుకుంటే రేపు క్లబ్బులో తలెత్తగలనాండీ?" అన్నాడు. రొయ్య పిల్లలు వేయలేక చెరువు ఎండబెట్టాడు. చెల్లెలు బంగారయ్యమ్మ అన్నతో మాట మానేసింది.

విస్సంరాజు క్లబ్బు మానేశాడు. నన్ను మాత్రం ఎందుకో జేబులో వేసుకొచ్చాడు. ఓ వారం రెండు మామిడిపళ్లు, మరో వారం మూర మల్లెపూలు చెల్లెలి అరుగు మీద పెట్టి వచ్చేవాడు. నాలుగోసారి పూతరేకులు పట్టుకెళితే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మాట్లాడుతుందని ఆయన ముఖం విప్పారింది. జేబులో ఉన్న నాకూ ఆశ పుట్టింది.

"తీసుకుపో అన్నయ్యా. చిన్నచిన్నవి జరిపి మనిషిని లేవకుండా కూర్చోబెట్టడం నీకు బాగా వచ్చు. నేను మాత్రం ఈ ఆటలోంచి లేచాను."

తలుపు వేసుకుంది.

ఆయన మంచం కోడు ఒకటి పొట్టిది. ఇంటికి రాగానే నన్ను దాని కింద పెట్టాడు. అప్పటినుంచీ అక్కడే ఉన్నాను. మంచం ఇప్పుడు కదలదు. ఆయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని, ఆ రోజు బల్ల దగ్గర మింగేసిన మాటే గొణుక్కుంటూ ఉంటాడు: "వద్దు బావా, తీసేసుకోండి."