బైపాస్ మీద టీ కొట్టు

ఆనందరావు స్టూడియోలో తొమ్మిదేళ్లు లైట్లు మోసిన ముజాహిద్ ఎట్టకేలకు సొంతంగా ఒక ఆర్డర్ పట్టాడు. శావల్యాపురం బ్రహ్మయ్య కూతురు అమూల్య పెళ్లి. ఇది బాగా తీస్తే ఇంకో పదిమంది పిలుస్తారు, తీయలేకపోతే మళ్లీ ఆ లైట్లే గతి. తీరా చూస్తే కెమెరానే లేదు.

షాహిదా మారుమాట లేకుండా కమ్మలు తీసి భర్త చేతిలో పెట్టింది. తూట్లు పూడిపోకుండా చెవులకు చీపురు పుల్లలు గుచ్చుకుంది. ఆ పుల్లలు కనపడినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది.

ఆ డబ్బుకి కొత్తది రాదు. ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా పెళ్లికి ముందు జరిగే రిసెప్షన్ రోజు పొద్దున ఒకటి తగిలింది. పెద్ద పెళ్లిళ్లకు వాడే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఆ రకం కొత్తగా వచ్చిన రోజుల నాటి మోడల్. అమ్మేవాడు చిలకలూరిపేట బైపాస్ మీద టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. అక్కడికే ఎందుకు రమ్మన్నాడో అడగాల్సింది. అవసరంలో ఉన్నవాడికి ఆలోచన ఎక్కడేడిసింది? పత్తి లారీలు చెవులు చిల్లులు పడేలా పోతుంటే, ముజాహిద్ టీ మాస్టారిని నాలుగు ఫొటోలు తీసి చూసుకున్నాడు. అద్దంలా వచ్చాయి.

"చిన్నపిల్లలాగా చూసుకున్నా అన్నా," అన్నాడు అమ్మేవాడు. "అవసరమొచ్చి ఇస్తన్నా."

సాయంత్రం స్టేజీ నిండా ఎల్ఈడీ లైట్లు. అమూల్య నవ్వింది, ముజాహిద్ నొక్కాడు. టక్కుమన్న చప్పుడు లేదు. తెర చూస్తే పెళ్లికూతురి మొహం మీద నల్లటి అడ్డచారలు. కెమెరా సైలెంట్‌లో ఉంది, అంటే లోపలి షట్టర్ కదలకుండానే ఫొటో తీస్తోంది. అలా తీస్తే ఈ లైట్ల కింద చారలు పడతాయని అతనికి తెలుసు. సైలెంట్ తీసేసి నొక్కాడు, ఎర్రర్ వచ్చింది. ఆపి మళ్లీ వేశాడు, మళ్లీ ఎర్రర్. లోపల షట్టర్ ఎప్పుడో చచ్చింది. ఆ చప్పుడు లేదని లారీల మోతలో తెలియదు, ఎండలో చారలు పడవు, అందుకే ఆ దొంగసచ్చినోడు పట్టపగలు బైపాస్ మీదికి పిలిచాడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

బ్రహ్మయ్య వెనక నుంచి తొంగి చూశాడు. "ఏంది అబ్బాయ్, మా పిల్ల మొహాన ఈ గీతలేంది?"

"లైట్లు మారిస్తే సరిపోద్ది బాబాయ్. పది నిమిషాలు ఆగు."

"పీటల మీదా ఇట్టనే ఆగమంటావా? ఒక్కసారి జరిగే పెళ్లి ఇది. నువ్వు తీయబాకు. ఆనందరావుని పిలుస్తన్నా."

ఆనందరావు గంటలో వచ్చాడు. లైటు స్టాండు ముజాహిద్ వైపు జరిపాడు. ముజాహిద్ పట్టుకున్నాడు. అంత జనంలో ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

రెండు రోజుల తరువాత కెమెరా అమ్మకానికి పెట్టాడు. షట్టర్ పనిచేయదని నిజాయితీగా రాశాడు. వారం గడిచినా పలకరించిన నాథుడు లేడు. ఆ ఒక్క ముక్కా చెరిపేశాడు. గంట తిరక్కుండా ఫోన్ మోగింది.

"అన్నా, నా పేరు తరుణ్, మాది మాచర్ల. ఎల్లుండి నా మొదటి పెళ్లి ఆర్డర్. కెమెరా ఎట్టుంది అన్నా?"

వద్దు తమ్ముడూ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. గడప దగ్గర షాహిదా తల వంచుకుని బియ్యం ఏరుతోంది. చెవులకు అవే పుల్లలు.

"చిన్నపిల్లలాగా చూసుకున్నా," అన్నాడు.

"యాడికి రమ్మంటావన్నా?"

"చిలకలూరిపేట బైపాస్ మీద టీ కొట్టుంది. పగలే రా."