వెలిగించని అగరుబత్తి

దాసయ్య ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు గానీ ఆయన ముక్కు రిటైరై ఐదేళ్లయింది. ఇరవైరెండేళ్లు గ్యాస్ బండల మధ్య కూచుని కూచుని, ఆ కుళ్లు కంపు ఎంత ఘాటుగా వచ్చినా ఆయనకు తెలియకుండా పోయింది. మల్లెపూలు తెలుస్తాయి. పక్కింటి చేపల పులుసు గోడ దూకి వచ్చి మరీ పలకరిస్తుంది. గ్యాస్ ఒక్కటే ఆయన మొహం ముందునుంచే, సలామైనా కొట్టకుండా వెళ్లిపోతుంది. ఈ సంగతి ఏజెన్సీలో ఎవరికీ చెప్పలేదు. గోడౌను కీపరుకు ముక్కు పోయిందని తెలిస్తే నౌకరీ కూడా దాని వెనకే పోతుంది. మనిషి ముక్కుసూటే, ముక్కే సూటిగా లేదు.

అందుకని ముక్కు చేయాల్సిన పనంతా నియమాలతో చేయించేవాడు.

అశోక్ నగర్‌కీ చిక్కడపల్లికీ మధ్య గల్లీలో ఆ గోడౌను కట్టిన రోజుల్లో చుట్టూ ఖాళీ జాగా. తర్వాత హాస్టళ్లు వచ్చాయి, కోచింగ్ సెంటర్లు వచ్చాయి, జిరాక్స్ షాపులు వచ్చాయి. ఊరే వచ్చి బండల ఒళ్లో కూచుంది. కాబట్టి దాసయ్య మొదటి నియమం గేటు దగ్గర. లోపలికొచ్చే ప్రతివాడూ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకోవాలి. దాసయ్య జేబులు తడిమి, అగ్గిపెట్టె, బీడీకట్ట, సెల్‌ఫోను ఏముంటే అది బయటి రేకు డబ్బాలో వేయిస్తాడు. హమాలీ అయినా అంతే, ఓనరైనా అంతే. చిన్నప్పుడు అన్నం డబ్బా తెచ్చిన కూతురు మంజులైనా అంతే. ఆ గౌను జేబులో చింతగింజలు తప్ప ఏమీ ఉండేవి కావు, అయినా తడిమేవాడు.

రెండో నియమం, నేల మూలన కడిగిన నీళ్లు పోయే మోరీ కన్నానికి ఎప్పుడూ ఇసుక మూట అడ్డం ఉండాలి.

మూడోది దసరా నియమం. ఆయుధపూజ చేసుకోవచ్చు గానీ దీపం లేదు, కర్పూరం లేదు. అగరుబత్తులు అరటిపండుకు గుచ్చి పెట్టాలి. వెలిగించకూడదు.

"పొగ లేకుంటె అమ్మవారికి ఎట్ల తెలుస్తదే దాసన్నా?" అని హమాలీలు గొణిగేవాళ్లు.

"మనం పొగైపోతె బాగ తెలుస్తది" అనేవాడు దాసయ్య.

ఇంటికి ఏడాదికి ఆరు సబ్సిడీ బండలే అని సర్కారు లెక్క కట్టిన ఏడు, దసరా పొద్దున, డెలివరీ పని చేసే సురేశ్ గోడౌనంతా కడిగి ముందు వరస బండలకు పసుపు, కుంకుమ పెట్టి బంతిపూలు వేశాడు. బండకు బొట్టు పెడితే పెళ్లికూతురంత కళ వచ్చింది. తీరా చూస్తే అరటిపండ్లు లేవు. హమాలీలు పూజకు ముందే ప్రసాదం కానిచ్చేశారు. సురేశ్ తల గోక్కున్నాడు, తర్వాత ముందు వరసలో బండల మూతుల మీది తెల్ల మూతలు పీకి, ఆ కన్నాల్లో అగరుబత్తులు గుచ్చాడు. చక్కగా నిలబడ్డాయి.

దాసయ్య ఆ సమయంలో గేటు దగ్గర జేబులు తడుముతున్నాడు. అగరుబత్తులు నిటారుగా ఉన్నాయని దూరం నుంచే చూసి తృప్తిపడ్డాడు. ఎందులో నిలబడ్డాయో చూడలేదు.

తొమ్మిదిన్నరకు పూజ అయిపోయింది. నారాయణగూడ ఆఫీసులో ప్రసాదానికి అందరూ రావాలని ఓనరు కబురు. దాసయ్య తాళం వేసి వెళ్లాడు.

తిరిగొచ్చి తాళం తీసేసరికి పదిన్నర దాటింది. వెంట సురేశ్ ఉన్నాడు. లోపలనుంచి సన్నగా "స్స్స్" మని వినిపించింది. పామేమో అనుకున్నాడు దాసయ్య. పామైతే బాగుండునని ఆ వెంటనే అనుకున్నాడు.

ముందు వరసలో మూడో బండ మెడ చుట్టూ తెల్లగా మంచు పట్టింది. మూతిలో అగరుబత్తి విరిగి ఉంది. ఆ మూతి నడుమ చిన్న పిన్ను ఉంటుంది, రెగ్యులేటరు దాన్ని నొక్కితేనే గ్యాస్ వస్తుంది. విరిగిన వెదురు పుల్ల ఆ పిన్నును పక్కనుంచి అదిమిపట్టి గంటసేపు రెగ్యులేటరు ఉద్యోగం చేసింది.

దాసయ్య వెనక వరసలోని బండ మెడకు దారంతో వేలాడే తెల్ల మూత తెంపి, పుల్ల లాగేసి, మూత గట్టిగా బిగించాడు. స్స్ ఆగిపోయింది.

"వాసన ఘోరంగుంది దాసన్నా" అన్నాడు సురేశ్ ముక్కు మూసుకుని. "నీకు వస్తలేదా?"

"వస్తుంది" అన్నాడు దాసయ్య.

బండను కదిపి చూశాడు. సగం తేలిక. పోవడం ఆగింది సరే, పోయింది ఎక్కడికి పోయింది? ఈ గ్యాస్ గాలికన్నా బరువు. పొగలా పైకి లేవదు, నీళ్లలా పల్లం వెతుక్కుంటుంది. దాసయ్య నేలకేసి చూశాడు. కడిగిన తడి జాడ మూలకు పోతోంది. అక్కడ మోరీ కన్నం బోసినోరు తెరుచుకుని ఉంది. కడిగేటప్పుడు తీసిన ఇసుక మూట బయట ఎండలో ఆరుతోంది.

మోరీ గోడ కిందనుంచి గల్లీలోకి దిగి, ఇరవై అడుగుల దిగువన కిషన్ రావు గారి సెల్లార్ వెంటిలేటర్ పక్కనుంచి పోతుంది. ఆ సెల్లార్ రీడింగ్ హాలు. అరవై సీట్లు. సరిగ్గా ఆ వెంటిలేటర్ కింద, చివరి వరసలో, గ్రూప్ టూ పుస్తకం ముందు మంజుల కూచుని ఉంటుంది. గాలి బాగా వస్తుందని ఆ సీటు అడిగి ఇప్పించింది దాసయ్యే.

రేకు డబ్బాలోంచి ఫోను తీశాడు. మంజుల నంబరు మీద బొటనవేలు పెట్టాడు. నొక్కితే అది ఆమె సంచిలో గుర్రుమంటుంది, ఆ గ్యాసులోనే. వేలు తీసేశాడు. ఫోను తిరిగి డబ్బాలో వేసేశాడు.

"సురేశ్, ఉరుకు. ఆటో స్టాండ్ల గుమ్మడికాయల మీద కర్పూరం పెడుతున్నరు, ఆర్పించు. మెయిన్ రోడ్డు దాటినంకనే ఫైరింజనుకు ఫోన్ చెయ్. ఈడ చెయ్యకు."

"ఏమైందన్నా?"

"ఉరుకుమన్న గద!"

సెల్లార్ మెట్ల పైన బుగ్గమ్మ చాయ్ బండి. కిరసనాయిలు స్టవ్ నీలంగా మండుతోంది.

"బుగ్గమ్మక్కా, స్టవ్ ఆర్పు."

"పాలు పొంగుతున్నయి, పండుగ పూట ఆర్పుమంటవేంది? నీ గ్యాస్ నా స్టవ్ మీద కొట్టకు..." అంటూ తలెత్తి దాసయ్య మొహం చూసింది. బుగ్గమ్మ మాట మధ్యలో ఆగడం ఆ గల్లీ ఎరగదు. ఆగింది. స్టవ్ వత్తి కిందికి తిప్పి, తడి గోనె కప్పింది.

మెట్ల పక్క టేబుల్ దగ్గర కిషన్ రావు గారు పేపరు చదువుతున్నారు. గోడ గడియారం పదీ నలభైతొమ్మిది చూపిస్తోంది. దాసయ్య నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆయన దిగ్గున లేచారు.

"మొదలు కింద ఇన్వర్టర్ బంద్ చేసొస్త."

దాసయ్య ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆయనను ముట్టుకున్నది అదే మొదటిసారి.

"ముట్టకున్రి సార్. ఆన్ చేసినా నిప్పురవ్వే, ఆఫ్ చేసినా నిప్పురవ్వే. టక్కంటె సాలు."

కిషన్ రావు గారు చేయి వెనక్కి తీసుకున్నారు. "పదకొండుకు కరెంటు కోత గద దాసయ్యా. కరెంటు పోంగనే అది దానంతట అదే టక్కంటది."

ఇద్దరూ గడియారం చూశారు.

"బయటినుంచి మోరీకి అవతలి దిక్కు కిటికీలు తెరువున్రి సార్. లోపలికి రాకున్రి" అని దాసయ్య చెప్పులు విడిచి మెట్లు దిగాడు.

కింద అరవై బల్లలు, అరవై లైట్లు, ప్రతి లైటుకూ ఒక స్విచ్చి. హాల్లో ఒకే ఒక్క కట్టుబాటు: సీట్లోంచి లేచేవాడు తన లైటు ఆర్పి లేవాలి. ఆర్పకుండా లేస్తే మర్నాడు ఆ సీటు ఇంకొకరిది. నెలల తరబడి చేసి చేసి, తల చెప్పకముందే చేయి ఆర్పేస్తుంది. మెట్ల దగ్గర నిలబడి దాసయ్య గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. కాళ్ల దగ్గరే ఉందా, మోకాళ్ల దాకా వచ్చిందా, అందరి ముక్కుల్లోనూ ఉందా? తన కూతురు దేంట్లో మునిగి చదువుకుంటోందో ఆ తండ్రికి తెలియదు.

"తమ్మీ, ఏమన్న వాసన వస్తుందా?" ముందు బల్ల పిల్లవాడిని మెల్లగా అడిగాడు.

"మస్తు వస్తుందంకుల్, గంట నుంచి. మోరీ అనుకున్నం."

"మా మెస్సుల గుడ్లనుకున్న" అన్నాడు పక్కవాడు.

"భయపడకున్రి. గ్యాస్ లీకైంది..."

"పేపర్ లీకైతె చెప్పు అంకుల్!" ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వులోనే మూడో వరస పిల్లవాడు లేచాడు. చేయి స్విచ్చి మీదికి పోయింది.

"ఆగు!"

దాసయ్య గొంతు చీలిపోయింది. ఆ వేలు స్విచ్చికి అంగుళం దూరంలో గాల్లో నిలబడింది. నవ్వు ఆరిపోయింది. అప్పుడే ఎవరిదో ఫోను బల్లమీద గుర్రుమని, ఆ అదురుకి పెన్ను దొర్లి కింద పడింది. దాసయ్య కళ్లు మూసుకున్నాడు. ఒకసారి మోగింది. రెండోసారి. మూడోసారి. ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి అందరూ ఉన్నారు. వెనక వరసల్లో కుర్చీలు కిర్రుమంటున్నాయి. లేస్తున్నారు, లేస్తే ఆర్పుతారు. ఆర్పొద్దని చెప్తే తలలు వింటాయేమో గానీ, చేతులు వినవు.

చేతులు.

"మంజులా!" అని అరిచాడు. "గేటు కాడ లెక్క!"

చివరి వరసలో ఒక తల లేచింది. మంజుల తండ్రిని ఒక్క క్షణం చూసింది. ఎందుకని అడగలేదు. రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని లేచి నిలబడింది. ఆమె లైటు అలాగే వెలుగుతోంది.

"అందరు ఆమె లెక్కనే. చేతులు నెత్తిమీద. దేన్నీ ముట్టకున్రి, ఫోన్‌ను అసలే ముట్టకున్రి. ముందు వరస మొదలు నడువున్రి. ఉరుకకున్రి."

ఒకరి తర్వాత ఒకరు చేతులు ఎత్తారు. ఒకే మెట్ల దారి. అరవైమంది పోలీసులకు దొరికినవాళ్లలా నెత్తిన చేతులతో ఎక్కుతుంటే దాసయ్య పెదాలతో లెక్కపెడుతున్నాడు. ఇరవై. ముప్పైనాలుగు. ఒకమ్మాయి ఏడుస్తోంది, కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చేయి దించలేదు. యాభైఎనిమిది. చివరి వరస కాబట్టి మంజుల అందరికన్నా వెనక. దాసయ్య దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ హాల్లో అరవై లైట్లు. ఆమె కుడిచేయి దానంతట అదే కిందికి దిగి, వెనక్కి ఒక అడుగు వేయించబోయింది. దాసయ్య ఆ చేయి పట్టి తిరిగి నెత్తిమీద పెట్టాడు.

"నడువు బిడ్డా."

మూలమలుపు దాకా అందరినీ నెట్టుకుపోయేసరికి మొదట జిరాక్స్ మిషన్ చప్పుడు ఆగింది. తర్వాత ఇళ్లలో టీవీలు, ఆ తర్వాత ఫ్యాన్లు. గల్లీ మొత్తం నోరు మూసుకుంది. పదకొండు.

ఆ నిశ్శబ్దంలో, కిందనుంచి, టక్.

ఏమీ కాలేదు. ఒక క్షణం దాసయ్యకు సిగ్గేసింది. తర్వాత భూమి నిట్టూర్చినట్టు "బుఫ్" మంది. చివరి వెంటిలేటర్లోంచి నీలం మంట నాలుక చాపి, గోడను నాకి, లోపలికి పోయింది. అద్దాలు రోడ్డు మీద గలగలా రాలాయి. బుగ్గమ్మ కొంగు నెత్తికి కప్పుకుంది.

ఫైరింజను వచ్చి, మంట ఆర్పి, పైపులు చుడుతుండగా అధికారి అడిగాడు, "గోడౌన్ల తప్పెవరిది?"

సురేశ్ తల భూమిలోకి పోయింది. దాసయ్య వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వెలిగించని అగరుబత్తి పెట్టుమన్నది నేను. దేంట్ల పెట్టిన్రో చూడంది నేను. మూట తీస్తె చూడంది నేను. ఇంకోటి సార్... నాకు గ్యాస్ వాసన రాదు. ఐదేండ్లయింది. రాసుకోండ్రి."

అధికారి రాసుకున్నాడు. సురేశ్ దాసయ్యను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

మూలమీద మంజుల ఇంకా అలాగే నిలబడి ఉంది. తక్కినవాళ్లంతా చేతులు దించేశారు, ఇళ్లకు ఫోన్లు చేస్తున్నారు. దాసయ్య ఆమె చేతులు ఒక్కోటీ పట్టుకుని కిందికి దించాడు. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"బాపూ" అంది, నల్లబడిన వెంటిలేటర్ వైపు చూస్తూ. "లైటు బంద్ చెయ్యకుంట లేచిన. రేపు నా సీటు పోతది."